వీరవేణి రాసిన వాక్యం

భీమరాజు మాస్టారు డిగ్రీలో చదివింది సోషల్. ఉప్పాడ దగ్గరి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాళ్ళు లేక, చేరిన ఏడాదే ఆ సబ్జెక్టు ఆయనకు అప్పజెప్పారు. తను చిన్నప్పుడు నేర్చుకున్న ఇంగ్లీషునే పదహారేళ్ళుగా చెబుతూ వచ్చారు. శ్రద్ధగానే చెప్పేవారు. ఏ పిల్ల నోటుబుక్కూ దిద్దకుండా వదిలేవారు కాదు.

రెండువేల నాలుగు వేసవిలో రాజమండ్రిలో ఇంగ్లీషు టీచర్లకు పది రోజుల శిక్షణ పెట్టారు. నేర్పేవారు సూర్యకళ గారని, ముప్పై ఏళ్ళు దాటని లెక్చరరు. మూడో రోజు ఆవిడ నాలుగు వాక్యాలిచ్చి, తప్పులుంటే దిద్దమన్నారు. 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్' అన్న వాక్యం పక్కన మాస్టారు రైటు కొట్టారు.

"ఇది మనందరం చేసే తప్పేనండి," అన్నారు సూర్యకళ గారు. "'పదేళ్ళ నుంచి' అని తెలుగులో అనుకుని, 'నుంచి' ఉంది కదా అని సిన్స్ పెట్టేస్తాం. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్ అండి. ఎంతకాలమో చెబితే ఫర్. ముందు హావ్ బీన్ కూడా రావాలి."

చుట్టూ ఉన్నవాళ్ళు రాసుకుంటున్నారు. మాస్టారు రాసుకోలేదు. పద్నాలుగేళ్ళ కిందటి మధ్యాహ్నం ఒకటి గుర్తొచ్చింది ఆయనకు.

పదో తరగతిలో వీరవేణి అనే అమ్మాయి ఉండేది. తండ్రి సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాడు. పరీక్షలో 'మై ఫాదర్ హాజ్ బీన్ ఫిషింగ్ ఫర్ ట్వంటీ ఇయర్స్' అని రాసింది. ఆయన ఫర్ కొట్టేసి, ఎర్రసిరాతో సిన్స్ అని రాశారు. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని బల్ల దగ్గరకు వచ్చింది. "పుస్తకంలో ఫర్ అని ఉందండి," అంది. క్లాసంతా చూస్తోంది. ఆయనకు ఒళ్ళు మండింది. "చేపలు అమ్మినంత తేలిక కాదు ఇంగ్లీషంటే," అని, పీరియడ్ అయ్యేదాకా వరండాలో నిలబెట్టారు.

శిక్షణ ముగిశాక ఇంటికి వెళ్ళకుండా నేరుగా ఉప్పాడ బస్సెక్కారు. వీరవేణి వాళ్ళ పాత ఇల్లు సముద్రంలో కలిసిపోయిందని, రోడ్డుకు ఇవతల కొత్తగా వేసుకున్నారని ఎవరో చెప్పారు. వెళ్ళేసరికి ఆమె వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. చూడగానే చేతులు కడుక్కుని, కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి మాస్టారూ. ఇలా వచ్చారేంటండి?"

ఎలా మొదలుపెట్టాలో ఆయన దారంతా అనుకుంటూ వచ్చారు. తీరా నోరు తెరిచేసరికి అవేవీ రాలేదు.

"ఆ రోజు నువ్వు రాసిందే రైటమ్మా. ఫర్ ట్వంటీ ఇయర్స్. తప్పు నాది."

వీరవేణి వంగి ఒక చేపను తిరగేసి పెట్టింది.

"నాకప్పుడే తెలుసండి," అంది. "పేజీ కూడా తీసి తెచ్చాను. మీరు చూడలేదు."

ఆయన తల దించుకున్నారు. తర్వాత అడగాలని వచ్చిన మాట అడిగారు. "పది పాసై కూడా నువ్వు ఆ పైన చదవలేదని విన్నాను. నా వల్లేనా?"

"మీ ఒక్కరి వల్లేనంటే అబద్ధమవుతుందండి. పిఠాపురం కాలేజీలో వేస్తానన్నాడు మా నాన్న. నేనే వద్దన్నాను. అక్కడ కూడా ఎవరో ఒకరు చేపల మాట ఎత్తుతారేమో అనిపించింది." ఆమె గొంతులో కోపం లేదు. ఎప్పుడో సర్దుకుపోయిన విషయం చెబుతున్నట్టు చెప్పింది. "తప్పుగా దిద్దినందుకు నాకేం అనిపించలేదండి. బాధపెట్టింది ఆ మాటే."

క్షమించమని అడగడానికి ఆయనకు నోరు రాలేదు. ఆమె కూడా ఫర్వాలేదనలేదు. లోపలికి వెళ్ళి టీ పెట్టి తెచ్చింది. గ్లాసు అందిస్తూ, "మా పాప జూన్లో ఆరులోకి మీ బడికే వస్తుందండి," అంది. "బేబీ అని. దానికి ప్రశ్నలెక్కువ. తెలిసినా తెలియకపోయినా అడిగేస్తుంది. తప్పడిగితే తప్పని చెప్పండి. బయట మాత్రం నిలబెట్టకండి."

బడి తెరిచిన రోజు మాస్టారు అన్ని క్లాసుల్లోనూ, ఇన్నాళ్ళూ తను ఏది తప్పుగా చెప్పారో బోర్డు మీద రాసి చెప్పారు. హెడ్మాస్టరు చంద్రరావు గారికి అది నచ్చలేదు. "పాఠం మార్చుకోండి, ఎవరొద్దన్నారు? ఇన్నాళ్ళూ తప్పు చెప్పానని చాటుకోవడం ఎందుకండి? గౌరవం పోతుంది," అన్నారు.

"పోతే పోనివ్వండి," అన్నారు మాస్టారు. ఆ మాటలో ఉన్నంత ధైర్యం లోపల లేదు. పదో తరగతి వాళ్ళు వారం రోజులు ఆయన వెనక నవ్వుకున్నారు కూడా.

ఆగస్టులో ఒకరోజు ఆరో తరగతిలో బోర్డు మీద 'టెన్ ఫిష్' అని రాశారు. మూడో వరసలోంచి బేబీ లేచింది.

"ఎస్ మర్చిపోయారండి. పది చేపలు కదండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒళ్ళు మండడం ఆయనకు స్పష్టంగా తెలిసింది. పద్నాలుగేళ్ళ నాటిదే ఆ మంట, ఎక్కడికీ పోలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, కాసేపు కిటికీలోంచి బయటకు చూశారు.

"ఎస్ ఎందుకుండాలో చెప్పు," అన్నారు చివరికి.

"కుక్కలకు డాగ్స్ అన్నారు, పిల్లులకు క్యాట్స్ అన్నారు. చేపలకు మాత్రం ఎందుకుండదండి?"

"అడగవలసిందే అడిగావు. ఇలా రా." డిక్షనరీ తెరిచి, ఆ పిల్ల చేతే చదివించారు. బేబీ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. ఒకటైనా పదైనా ఫిష్ అనే అంటారని, తప్పు తనదేనని ఆ పిల్లకు తేలింది.

"అయితే మా అమ్మ బుట్ట నిండా ఉన్నా ఫిషేనా అండి?"

"ఫిషే."

ఈసారి క్లాసంతా నవ్వింది. బేబీ కూడా నవ్వింది కానీ చోటుకు వెళ్ళలేదు.

"మరి రొయ్యలకో?"

మాస్టారు ఆలోచించారు. ప్రాన్స్ అనే విన్నట్టుంది. విన్నదాన్ని నమ్మాలనిపించలేదు.

"ఖాయంగా తెలీదమ్మా. పి అక్షరం తియ్యి, చూద్దాం," అని డిక్షనరీని ఆ పిల్ల వైపు తిప్పారు.