ఏడో నిబంధన

గురువారం సాయంత్రం బ్రహ్మయ్య గారు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ శ్యామసుందరికి ఒకచోట కాలు నిలవడం లేదు. ఆదివారం తెలుగు సంఘం ఎన్నికలు. ఆయన ఎన్నికల అధికారి. అధ్యక్ష పదవికి కూతురు లాస్య వేసిన నామినేషన్ చెల్లదట.

"నాకూ బాధగానే ఉందమ్మా. పిల్ల బంగారం. కానీ ఏడో నిబంధన స్పష్టంగా ఉంది. అధ్యక్షులు తెలుగు రాష్ట్రాల్లో పుట్టినవారై ఉండాలి. అమ్మాయి పుట్టింది ఇక్కడ, కాన్‌బెర్రాలో కదా."

"ఆ నిబంధన రాసింది..."

"మన ద్వారకానాథ్ గారేనమ్మా. రెండువేల మూడులో. మీ డైనింగ్ టేబుల్ మీదే రాశాం. మీరు పెసరట్లు వేసిపెట్టారు, నాకు గుర్తే."

శ్యామసుందరికీ పెసరట్లే గుర్తున్నాయి. ఆ రోజు నలుగురు మగవాళ్ళు మూడు గంటలు కూర్చుని ఏం రాశారో ఆమె అడగలేదు. నాలుగేళ్ళ లాస్య అదే టేబుల్ కింద ఆడుకుంటూ ఉండింది.

హాల్లో భర్త ద్వారకానాథ్ టీవీ వార్తలు చూస్తున్నాడు. విషయం చెబితే, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, "రూల్ రూలే కదా" అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ తుడిచింది. అరగంట క్రితమే తుడిచానని సగంలో గుర్తొచ్చింది.

శుక్రవారం లాస్య ఆఫీసు నుంచి సరాసరి హారిసన్‌లోని అమ్మానాన్నల ఇంటికొచ్చింది. మెడలో ఆఫీసు కార్డు కూడా తియ్యకుండానే వాళ్ళతో భోజనానికి కూర్చుంది.

"నాన్నా, నేను ఫారినర్‌నా?"

"ఎవరన్నారలా?"

"మీరే. రూల్ సెవెన్. ఆరేళ్ళుగా శనివారం తెలుగు స్కూలు నడుపుతున్నా. ముప్ఫై నలుగురు పిల్లలు. వాళ్ళకి గుణింతాలు నేర్పడానికి పనికొస్తాను, ప్రెసిడెంట్‌గా పనికిరాను. ఎక్స్‌ప్లెయిన్ చెయ్యండి."

"అప్పటికి ఉన్నవి నలభై కుటుంబాలమ్మా. ఎవరెవరో సంఘాన్ని చేతుల్లోకి తీసుకోవాలని చూశారు. తెలుగు రానివాళ్ళు కుర్చీలో కూర్చుంటే ఇక మిగిలేదేముందని అలా రాశాం."

"అయితే తెలుగు వచ్చినవాళ్ళు అని రాయాల్సింది కదా?"

ద్వారకానాథ్ పప్పులో నెయ్యి వేసుకున్నాడు. అప్పటికే ఒకసారి వేసుకున్నాడు.

"అన్నయ్య ఎలిజిబుల్! అది తెలుసా మీకు?" లాస్య తల్లి వైపు తిరిగింది. "గోంగూర అంటే పోకెమాన్ అనుకుంటాడు వాడు. బ్రిస్బేన్ నుంచి ఫోన్ చేస్తే 'నమస్కారం, హౌ ఆర్ యూ'తో వాడి తెలుగు అయిపోతుంది. కానీ హీ కెన్ బి ప్రెసిడెంట్!"

నవ్వబోయి ఆగిపోయింది శ్యామసుందరి. కొడుకు చింటు కడుపులో ఉన్నప్పుడు, తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ పట్టుబడితే ఆరో నెలలో విజయనగరం వెళ్ళింది. ద్వారకానాథ్ కొడుకుని మూడో నెలలో చూశాడు. లాస్యప్పుడు కూడా టికెట్ కొన్నారు. బీపీ పెరిగిందని డాక్టరు విమానం ఎక్కనివ్వలేదు. అమ్మకి వీసా వేళకి రాలేదు. పురిటి స్నానం చేయించేవాళ్ళు లేక, హీటర్ పక్కన కూర్చుని తనే తల తుడుచుకుంటూ ఏడ్చిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ లోటు తనదే అనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడది పిల్ల మెడకి చుట్టుకుంది.

"రూల్ మార్చమని తీర్మానం పెడుతున్నా" అంది లాస్య. "బ్రహ్మయ్య అంకుల్ ఒప్పుకున్నారు. మీటింగ్‌లో ముందు అదే తీసుకుంటారట. వచ్చినవాళ్ళలో నాలుగింట మూడొంతులమంది చేతులెత్తాలి. రాష్ట్రం విడిపోయినప్పుడు 'తెలుగు రాష్ట్రాలు' అని ఒకసారి మార్చారు కదా, ఇదీ అంతే. నాన్నా, మీరు లేచి రెండు ముక్కలు చెప్తే చాలు. పెద్దవాళ్ళందరూ మీ మొహమే చూస్తారు."

"నేను చెప్పను."

"ఎందుకు?"

"నేను రాసిన రూలు నా కూతురి కోసం నేనే మార్పిస్తే నలుగురూ ఏమంటారు? ఇంకెవరి పిల్ల కోసమైనా సరే, లేచి చెప్పేవాణ్ణి."

లాస్య కంచం సింక్‌లో పెట్టి, తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. పెరుగన్నం తినలేదు.

శనివారమంతా శ్యామసుందరి ఇల్లు సర్దింది. మసాలా డబ్బాలన్నీ దించి మళ్ళీ అదే వరసలో పెట్టింది. ట్రామ్ స్టాపు దాకా నడిచి, ఎక్కడికీ పోయే పని లేక వెనక్కొచ్చింది. మధ్యాహ్నం బీరువాలోని ఫైళ్ళు ముందేసుకుంది. డిసెంబర్‌లో ప్రయాణం ఉంది, పాస్‌పోర్టుల గడువు చూద్దామని ఒక సాకు. తనది చూసింది. ఆయనది తెరిచింది. గడువు బాగానే ఉంది. దాని పైవరసలో పుట్టిన స్థలం ఉంది. గుణుపురం.

ఎన్ని ఎయిర్‌పోర్టుల్లో, ఎన్ని ఫారాలు నింపుతూ ఆ పేజీ చూసి ఉంటుంది! ఒక్కసారీ చదవలేదు. ఆయనదేవూరని ఎవరడిగినా ఇద్దరూ చెప్పేది బొబ్బిలే. తండ్రిదీ తాతదీ ఆ ఊరే, ఆయన చదివిందీ అక్కడే. కానీ అత్తగారు కాన్పు కోసం పుట్టింటికి వెళ్ళింది, అందరు ఆడపిల్లల్లాగే. నౌపడాలో చిన్న రైలు ఎక్కి, వానలో తడుస్తూ, ఒడిశాలోని గుణుపురం. "మా పెద్దాడు ఒరియా మంత్రసాని చేతుల్లో పడ్డాడే" అని ఆవిడ పోయేదాకా మురిసిపోతూ చెప్పేది.

శ్యామసుందరి ఫైళ్ళ మధ్య కింద కూలబడింది. రెండు దఫాలు అధ్యక్షుడిగా చేశాడు ఈయన. ఆ మధ్య రెండు దేశాల పౌరసత్వం గొడవలో ఇక్కడి పార్లమెంటులో ఎంపీల పదవులు వరసగా ఊడుతుంటే, ఈ హాల్లోనే కూర్చుని "తమ పుట్టుపూర్వోత్తరాలు తమకే తెలియని వాళ్ళు దేశాన్నేం ఏలుతారు" అని నవ్వాడు కూడా.

ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన పాస్‌పోర్టు తెరిచి పెట్టింది.

"ఏమిటిది?"

"చదవండి. పుట్టిన స్థలం."

చదివాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు. రూలు రాసిన నాడు ఆ సంగతి నిజంగానే ఆయన బుర్రకి తట్టలేదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది ఆమెకి. కోపం సగం అక్కడే పోయింది.

"మూడు నెలలు కూడా లేనే అక్కడ" అన్నాడు చివరికి. "బారసాల కాగానే బొబ్బిలి తెచ్చేశారు."

"నేనూ అదే అంటున్నాను. మూడు నెలలున్న ఊరు మిమ్మల్ని ఒరియావాణ్ణి చెయ్యలేదు కదా. పిల్ల ఈ ఇంట్లో ఇరవయ్యారేళ్ళు తెలుగు మాట్లాడింది."

"మీటింగ్‌లో చెప్పేస్తావా?"

"నేనెందుకు చెప్తాను? పుట్టింది మీరు."

కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసి తెచ్చేసరికి ఆయన స్నానానికి వెళ్ళిపోయాడు. హాలు ముందు కారు దిగాక, "చొక్కా మీద ఇస్త్రీ మడత నిలబడిందా?" అని మాత్రం అడిగాడు.

గంగాలిన్ కమ్యూనిటీ హాల్లో అరవై ముగ్గురు సంతకాలు పెట్టారు. శ్యామసుందరి వెనక వరసలో భర్త పక్కన కూర్చుంది, లేచి నీళ్ళు తాగింది, మళ్ళీ కూర్చుంది. ముందు వరసలో లాస్య తిన్నగా కూర్చుని ఉంది, తండ్రి వైపు తిరగకుండా. బ్రహ్మయ్య గారు తీర్మానం చదివి, ఎవరైనా మాట్లాడవచ్చన్నారు.

అందరూ వీవీఎస్ అని పిలిచే వీరవెంకటసత్యనారాయణ లేచాడు. సంఘంలో పాతకాపు. "పిల్ల మీద నాకేం లేదండీ. కానీ గేటు తీస్తే మూయలేం. ఇవాళ ఈ అమ్మాయి. రేపు ఈ అమ్మాయి మొగుడు, ఏ స్టీవో బ్రూసో, మా ఆవిడ తెలుగే కదా అని వచ్చి నిలబడతాడు."

"అంకుల్, నాకింకా స్టీవ్ దొరకలేదు. దొరికితే ముందు మీకే చూపిస్తా" అంది లాస్య. హాలంతా నవ్వింది.

లాస్య మీద పోటీ చేస్తున్న వెంకట్ లేచాడు. నల్లగొండ నుంచి స్టూడెంట్‌గా వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు. "నేనైతే ఓటు ఏస్తా ఈ తీర్మానానికి. ఎదురుగ మనిషే లేకుంటే గెలిచినా మజా ఏముంటది? రాష్ట్రం విడిపోయినంక రూల్ మార్చకపోతే నేను గూడ ఫారినర్‌నే అయ్యేటోణ్ణి. గప్పుడు ఎవ్వరు అడ్డం చెప్పలే."

"అది వేరు, ఇది వేరు" అన్నాడు వీవీఎస్. "అసలు ఇది ద్వారకానాథ్ ముందుచూపుతో పెట్టిన రూలు. ఆయనే చెప్పాలి. చెప్పండి సార్, ఎందుకు పెట్టారో."

అందరూ వెనక్కి తిరిగారు. శ్యామసుందరి చేతులు ఒళ్ళో కుదురుగా ఉండక చీర అంచుని మడిచి విప్పుతున్నాయి. ద్వారకానాథ్ లేచాడు.

"నేను పుట్టింది గుణుపురంలో."

"అదెక్కడ?" అన్నాడు వీవీఎస్.

"ఒడిశాలో. మా అమ్మ కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. నా ఊరు బొబ్బిలి అనే ఉండిపోయింది నా బుర్రలో. రూలు రాసేటప్పుడు అది గుర్తే రాలేదు. ముందుచూపు కాదు, వెనకచూపు కూడా లేదు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. బ్రహ్మయ్య గారు కలం పట్టుకుని ఇబ్బందిగా కదిలారు. "మరి... మీ రెండు దఫాలు?"

"చెల్లవు. మినిట్స్‌లో రాయండి. ఇంకోటి కూడా రాయండి. నేనిది చెప్పేది కూతురి కోసమే. అనుకునేవాళ్ళు అనుకోండి."

అలాగే నిలబడిపోయాడు, కూర్చోవాలని తోచనట్టు. అప్పుడు ప్రస్తుత ఉపాధ్యక్షురాలు నీరజ మెల్లగా చెయ్యెత్తింది. "మా అమ్మమ్మ వాళ్ళది బళ్ళారి అండీ. నేను అక్కడే పుట్టాను. నెక్స్ట్ ఇయర్ నిలబడదామనుకున్నా."

"మాది హోసూరు" అన్నారు ఇంకెవరో. "మా అమ్మమ్మ గారిది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్." "నేను చెన్నైలో, కానీ గూడూరని చెప్పుకుంటా."

"అయితే ఇన్నేండ్లు ఈ సంఘం నడిపింది ఎవరయ్యా!" అన్నాడు వెంకట్. ఈసారి బ్రహ్మయ్య గారు కూడా నవ్వారు. వీవీఎస్ మాత్రం నవ్వలేదు. "నేను పుట్టింది అమలాపురం, మా అమ్మది మేనరికం, పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే ఊరు" అని ఎవరూ అడక్కుండానే చెప్పి, చేతులు కట్టుకు కూర్చున్నాడు.

నలభై ఎనిమిది చేతులు కావాలి. యాభై ఒకటి లేచాయి. లాస్య తండ్రి వైపు అప్పుడు తిరిగింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

టీ తర్వాత చీటీలతో రహస్య ఓటింగ్ జరిగింది. వెంకట్‌కి ముప్ఫై అయిదు, లాస్యకి ఇరవై ఎనిమిది. లాస్య వెళ్ళి వెంకట్‌కి చెయ్యి కలిపింది. "సెక్రటరీగ ఉంటవా చెల్లె?" అనడిగాడతను. "ఆలోచిస్తా, అన్నా. నా రేటు ఎక్కువ" అంది.

తిరుగు దారిలో లాస్యే కారు నడిపింది. తండ్రి పక్కన, తల్లి వెనక. పిల్ల ఏడుస్తుందేమోనని శ్యామసుందరి అద్దంలోంచి కళ్ళు చూస్తూనే ఉంది.

"బాధగా ఉందా తల్లీ?" అంది ఉండబట్టలేక.

"ఉంది. ఓడిపోయా కదా. బట్ ఐ లాస్ట్ ప్రాపర్లీ." సిగ్నల్ దగ్గర ఆగి తండ్రి వైపు చూసింది. "థాంక్స్ నాన్నా. ఇరవై ఎనిమిదిలో ఒకటి మీది."

ద్వారకానాథ్ సీట్ బెల్టు సర్దుకున్నాడు. "నేను వెంకట్‌కి వేశాను."

"వాట్!"

"ఏవండీ!" అంది శ్యామసుందరి.

"ఓట్లడుగుతూ, గెలిస్తే ఉగాది భోజనాలు కేటరింగ్‌కి ఇచ్చేస్తానంది. మనవాళ్ళు కలిసి వండుకోకపోతే అది సంఘం ఎలా అవుతుంది? వెంకట్ అలా అనలేదు."

"కన్నకూతురండీ!"

"పుట్టుక చూసి వెయ్యకూడదనేగా పొద్దున్నుంచీ అందరూ నాకు చెప్పింది?"

సిగ్నల్ ఆకుపచ్చగా మారింది. లాస్య కదల్లేదు. వెనక కారు హారన్ కొట్టింది.

"వచ్చేసారి మీ ఓటు తెచ్చుకుంటా" అంది కారు ముందుకి పోనిస్తూ.

"కేటరింగ్ మానెయ్యి, చూద్దాం."

"మానను. అమ్మా, నువ్వెవరికి వేశావ్?"

"నీకే" అంది శ్యామసుందరి. "ఇరవై రెండేళ్ళుగా రెండొందల మందికి పులిహోర కలిపిన చేతులివి. కేటరింగ్ అన్న మాట వినగానే చీటీ మీద నీ పేరు రాసేశాను."

"చూశావా, ఇదీ పక్షపాతమే" అన్నాడు ద్వారకానాథ్.

"అయితే వచ్చే ఉగాదికి పులిహోర మీరు కలపండి."

"కలుపుతాను. ఏం, రాదా నాకు?"

"చింతపండు ఎంత పడుతుందో చెప్పండి నాన్నా, రెండొందల మందికి" అంది లాస్య. ఆయన చెప్పిన లెక్కకి తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి అభ్యంతరం చెప్పారు. కారు హారిసన్ వైపు మళ్ళింది.