మామ వేసిన అతుకు

పంపుతున్న ఫైలు అరవై ఏడు శాతం దగ్గర ఆగింది. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. మొదటిసారి నలభై దగ్గర తెగింది, తర్వాత యాభై రెండు, ఆ తర్వాత ముప్పై ఒకటి. ఈసారి అరవై దాటేసరికి సునందకు ఆశ పుట్టింది. ఆ సంగతి కంప్యూటరుకు తెలిసిపోయినట్టుంది, అక్కడే చతికిలబడింది.

ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికి బ్రాడ్‌బ్యాండు ఎందుకని మొదట్లో వీధివాళ్ళు నవ్వారు. శ్రీరంగప్ప కోడలు సునంద డిగ్రీ చదివి వచ్చిన పిల్ల. ఊరికే కూర్చోలేక చీర అంచులకు కంప్యూటరులో బొమ్మలు గీయడం నేర్చుకుంది. పెద్దవాళ్ళు గళ్ళ కాగితం మీద గీసేదాన్ని ఆమె తెర మీద గీస్తుంది, అంతే తేడా. ఆ బొమ్మ ప్రకారం అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గానికి ఎక్కితే చిల్లుల ప్రకారం హుక్కులు పోగుల్ని లేపుతాయి, అంచు దానంతటది దిగుతుంది. నిన్నమొన్నటి దాకా ఆమె గీసినవన్నీ పాత అంచులకు నకళ్ళే. మామిడిపిందెలు, హంసలు, రుద్రాక్షలు. ఇప్పుడు మొదటిసారి తనదంటూ ఒకటి గీసింది. బుడ్డల తీగ. పైన ఆకులు, మధ్యలో చిన్న పసుపు పూలు, కింద మట్టిలోకి దిగినట్టు కాయలు. అనంతపురం జిల్లాలో వేరుశనగ బుడ్డలు తినని మనిషి లేడు, కట్టుకున్న ఆడది మాత్రం ఒక్కతీ లేదు అని తనలో తనే అనుకుని రెండు రోజులు నవ్వుకుంది.

బెంగుళూరు చిక్కపేటలో గురప్ప అని పట్టుచీరల వ్యాపారి. ఏటా పెళ్ళిళ్ళ కాలానికి కొత్త అంచు ఒక్కటే ఎంచుకుంటాడు, అది ధర్మవరంలో ఇరవై మగ్గాల మీదికి ఎక్కుతుంది. నిన్న సునంద పంపిన చిన్న బొమ్మ చూసి, "బాగుండాది. పూర్తి ఫైలు రేపు మూడింటిలోపల పంపు" అన్నాడు. ఆమెకు కావలసిందల్లా అదే. తను గీసిన తీగ తన ఇంటి మగ్గం మీద జానెడు జానెడు దిగుతుంటే చూడాలి.

నెట్ సెంటరుకు పోదామంటే బజారు వైపు కరెంటు తీసేశారు, సాయంత్రం దాకా రాదట. సీడీలో వేసి చేత్తో ఇద్దామంటే ఇప్పుడు రైలెక్కినా మూడింటికి చిక్కపేట చేరదు. భర్త చంద్రమోహన్ చీరల మూటతో హైదరాబాదు పోయాడు, ఇంట్లో ఉన్న ఒక్క సెల్‌ఫోనూ ఆయన జేబులోనే ఉంది. ఇక మిగిలింది బ్రాడ్‌బ్యాండు కంపెనీవాళ్ళ ఫిర్యాదుల నంబరు. పదకొండున్నరకు రిసీవరు ఎత్తింది.

పాట వినిపించారు. అదే పాట ఇరవై నిమిషాలు. తర్వాత ఒక అబ్బాయి పలికాడు.

"నమస్కారం మేడం, మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"నెట్టు చానా స్లోగా ఉండాదన్నా. ఫైలు పోతాపోతా మధ్యలో తెగిపోతాండాది."

"మోడెం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడం."

"చేసినా. నాలుగు తూర్లు చేసినా."

"నేను లైన్లో ఉండగా ఒకసారి చేయండి."

చేసింది. మూడు లైట్లు వెలిగాయి. నాలుగోది వెలగాలా వద్దా అన్నట్టు మిణుకుమిణుకుమంటూ ఉంది.

"ఫోనుకీ మోడెంకీ మధ్య చిన్న తెల్ల డబ్బా ఉంటుంది, స్ప్లిటర్ అంటారు. అది తీసేసి వైరు నేరుగా మోడెంకి పెట్టండి."

"తీసేదా?"

"తీసేయండి మేడం."

తీసింది. ఫోను చచ్చిపోయింది. తను మాట్లాడుతున్నది ఆ డబ్బాలోంచి వచ్చే ఫోనులోనే అని ఆమెకు తట్టలేదు, పోనీ అనుకుందాం. రోజుకు వందమందికి ఇదే పాఠం చెప్పే ఆ మహానుభావుడికైనా తట్టొద్దా?

డబ్బా మళ్ళీ తగిలించి నంబరు నొక్కితే మళ్ళీ అదే పాట. ఈసారి అరగంట. ఈసారి పలికినవాడు వేరే మనిషి. అతను పేరు దగ్గర్నుంచి మొదలుపెట్టి, నంబరు రాసుకుని, చిరునామా రాసుకుని, "మోడెం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడం" అన్నాడు. సునంద పళ్ళు నూరింది. అయినా ఆఫ్ చేసి ఆన్ చేసింది. ఆ తర్వాత అతను పైవాళ్ళకు కలుపుతానని ఒక అమ్మాయికి కలిపాడు, మధ్యలో పాట మామూలే.

"మీ ఏరియాలో అందరికీ స్పీడు బాగానే వస్తోంది మేడం. ఫిర్యాదు రాసుకున్నాను. నలభై ఎనిమిది గంటల్లో లైన్‌మన్ వస్తాడు."

"నలభై ఎనిమిది గంటలు యాడుండాయమ్మా? నాకుండేది గంటన్నర!"

"అర్థం చేసుకోగలను మేడం."

ఒక్క అక్షరం అర్థం కాలేదని చెప్పడానికి ఇంత మర్యాదైన మాట ఇంకోటి లేదేమో. సునంద ఫోను పెట్టేసి తల పట్టుకుంది. గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది. రెండు గంటలకు పైగా ఫోను చెవికి అంటించుకుని కూర్చుందన్నమాట. చెవి ఎర్రగా కాలిపోతోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ముందు గదిలో మగ్గం పక్కన పీట మీద కూర్చుని శ్రీరంగప్ప ఇదంతా వింటూనే ఉన్నాడు. అరవై అయిదేళ్ళ మనిషి. నేత ఇంట్లో పుట్టినా ఆయన పేరు పడింది నేతలో కాదు, అతకడంలో. మగ్గం మీద పాత పడుగు అయిపోగానే కొత్త పడుగు ఎక్కించాలి. నిలువునా వేల పోగులు. పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ కలిపి, వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని ఒక్క మెలి తిప్పాలి. ముడి వేయకూడదు, ముడి ఉంటే పన్నె పళ్ళ సందులో దూరదు. ఆ మెలి ఊడిందా, నేతగాడి పని గోవిందా. నలభై ఏళ్ళలో శ్రీరంగప్ప అతికిన పోగు ఊడిందన్నవాడు లేడు. వాళ్ళ వీధిలో మొగుడూ పెండ్లాం కొట్లాడుకుంటే పెద్దవాళ్ళు "రంగప్ప అతుకు మాదిరి ఉండండప్పా" అని బుద్ధి చెబుతారు.

"వాళ్ళంతా దొంగనాయాండ్లు" అన్నాడాయన లేచి. "లైను వాళ్ళది పాడుచేసి పెట్టుకోని, మన ఇంట్లో డబ్బా తీయి, పెట్టు అంటారే. నువ్వు ఏడ్వద్దు పాపా. ఆ యేసన్నను నేను పట్టుకొస్తా."

చెప్పులు వేసుకుని, సైకిలెక్కి, ఎర్రటెండలో పోయాడు. లైన్‌మన్ యేసన్నను ఎక్కడ పట్టుకున్నాడో, ఏం చెప్పాడో గానీ రెండుంబావుకల్లా అతన్ని తన సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. సునందకు ఆ క్షణంలో మామ దేవుడిలా కనిపించాడు.

యేసన్న గుమ్మం పక్క గోడకున్న పెట్టె మూత విప్పి, చేతిలోని చిన్న మిషను తగిలించి చూశాడు.

"ఈడ స్పీడు రెండువేలు వస్తాండాది. లైను బంగారం మాదిరి ఉండాది రంగప్పన్నా."

"బంగారమైతే ఆ పిల్ల ఎందుకు ఏడుస్తాండాదప్పా?"

యేసన్న లోపలికొచ్చి కంప్యూటరు దగ్గర తగిలించాడు. రెండువందలు.

"గుమ్మం దాకా రెండువేలు, లోపల రెండొందలు. నడాన ఎవురో తింటాండారు" అన్నాడు నవ్వుతూ.

సునందకు నవ్వు రాలేదు. రెండూ ఇరవై అయిదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంట్లో ఉన్న రోగానికి ఊళ్ళో ఉన్నవాళ్ళందరినీ అడిగిందన్నమాట. వైరు గుమ్మం నుంచి లేచి, మగ్గం పైన దూలం వెంబడి పోయి, లోపలి గదిలోకి దిగుతుంది. యేసన్న నిచ్చెన వేసుకుని చేత్తో తడుముతూ పోయాడు. దూలం మూల దగ్గర ఆగాడు.

"ఇదేందిది? ఎవురు అతికినారు దీన్ని?"

శ్రీరంగప్ప రెండడుగులు ముందుకొచ్చాడు. ఆయన ముఖంలో తప్పు చేసిన ఛాయ కూడా లేదు. పైగా ఎవరో ఎప్పుడో అడుగుతారని ఎదురుచూస్తున్నట్టుంది.

"నేనే. రెండు నెలలాయ, ఎలుక కొరికింటే అతికినా. పీకు, ఊడుతుందేమో చూడు."

యేసన్న పీకాడు. ఇంకా గట్టిగా పీకాడు. ఊడలేదు. ఊడి ఉంటే ఆ రోజే దొరికేది, రెండు నెలల కిందే బాగయ్యేది. జేబులోంచి చాకు తీసి పైన చుట్టిన పట్టుదారం కోశాడు. లోపల రాగి తీగలు వెంట్రుకంత సన్నగా, ముచ్చటగా మెలి తిరిగి ఉన్నాయి. వాటి నుంచి పొడి రాలి యేసన్న కంట్లో పడింది.

"అన్నా, బూడిద యేందన్నా లోపల!"

"బూడిద లేకుండా మెలి యెట్ల నిలుస్తుందప్పా?" అన్నాడు శ్రీరంగప్ప, చదువురాని పిల్లవాడికి చెప్పినట్టు.

యేసన్న నిచ్చెన మీదే కూర్చుని నవ్వాడు. "ఓ పెద్దాయనా! ఇది పట్టుపోగు కాదన్నా, కరెంటు పారే తీగ. రాగీ రాగీ తాకల్ల. నడాన బూడిద పోస్తే, పట్టు చుడితే, మాట ఎట్లనో పాకుతా పోతాది, చిన్నాచితకా పోతాయి గానీ పెద్ద ఫైలు పోలేదు."

శ్రీరంగప్ప నవ్వలేదు. యేసన్న ఆ అతుకును కత్తిరించి కింద పడేస్తే, వంగి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన కోడలి వైపు చూడలేదు. సునంద ఆయన వైపు చూసింది. ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్ళయింది, మామ ముందు గొంతు పెంచింది లేదు. వెనక్కి తిరిగి కంప్యూటరు ముందు కూర్చుంది.

రెండూ నలభై అయిదుకు యేసన్న కొత్త అతుకు వేసి దిగాడు. నాలుగో లైటు రెప్ప వేయకుండా వెలిగింది. సునంద మీట నొక్కింది. ఇరవై, యాభై, అరవై ఏడు, తొంభై. ఫైలు పోయింది. పొద్దున్నుంచి ప్రాణం తీసిన పనికి మూడు నిమిషాలు పట్టలేదు. ఆమెకు ఎగిరి గంతేయాలనిపించింది. మూడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. వెంటనే చిక్కపేటకు ఫోను చేసింది.

"గురప్పన్నా, నేను ధర్మవరం నుంచి సునందని. ఫైలు పంపినా, చూసినారా?"

"ఫైలు ఎవురికి కావాలమ్మా ఇప్పుడు?" గురప్ప గొంతు పెద్దది, గదంతా వినిపిస్తుంది. "పన్నెండు గంటల కాడ్నుంచి నీకు ఫోన్ చేస్తాండా. అట్టలు కొట్టేవాడు ముందే వచ్చి కూచున్న్యాడు, రెండింటికి పోవాలంట. నీ బొమ్మనే ఖాయం చేద్దామనుకుంటి. ఎన్ని హుక్కుల మగ్గానికి గీసినావో ఒక్క మాట చెప్పింటే చాలు, నిన్న పంపిన చిన్న బొమ్మతోనే పని మొదలుపెట్టేవాడు. ఎప్పుడు చేసినా ఎంగేజే! ఒకటిన్నర దాకా చూసి వేరేవాళ్ళది ఇచ్చేస్తి."

రెండువందల నలభై హుక్కులు. అదే చెప్పవలసిన మాట. నిద్రలో లేపి అడిగినా సునంద చెప్పేది.

"ఆడోళ్ళతో యాపారం ఇందుకే వద్దంటారు" అంటున్నాడు గురప్ప. "పుట్టింటోళ్ళతో ముచ్చట్లకు కూచుంటే టైము తెలుస్తుందా?"

ఆమె చేతిలోంచి రిసీవరు ఎవరో తీసుకున్నారు. చూస్తే శ్రీరంగప్ప. ఆయన ఫోనులో మాట్లాడడం ఆమె ఎప్పుడూ చూడలేదు. రిసీవరును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అయ్యా, నేను ఆ పాప మామను. ముచ్చట్లు కాదు. నెట్టు పనిచేయకుంటే బాగుచేయమని పొద్దున్నుంచి ఫోన్లో ఆ కంపెనీవాళ్ళ కాళ్ళూ యేళ్ళూ పట్టుకున్న్యాది, అందుకే ఎంగేజు. వైరు అతికింది నేను. అతుకు తప్పు. తప్పు నాది, ఆ పిల్లది కాదు."

"ఎవురిదైతే ఏమప్పా, ఇచ్చేసినా కదా" అని అవతల ఫోను పెట్టేశాడు.

యేసన్న సంచి సర్దుకుని చప్పుడు చేయకుండా బయటికి పోయాడు. శ్రీరంగప్ప రిసీవరును జాగ్రత్తగా దాని చోట పెట్టాడు. వేళ్ళ కొసలకు ఇంకా బూడిద అంటుకుని ఉంది. వాటిని పంచెకు తుడుచుకున్నాడు.

"నన్ను తిట్టు పాపా" అన్నాడు. "మనసులో పెట్టుకోవద్దు. తిట్టు."

"ఏం లేదు మామా" అంటూ నీళ్ళు నమిలింది సునంద. ఏం లేదు అనగానే అన్నీ ఉన్నాయని ఆమెకే తెలిసింది. "ఎవురు చెప్పినారు మామా నీకు అతకమని? ఒక్క మాట నాతో చెప్పల్యా కదా! రెండు నెలలు! నాదొక్కటంటే ఒక్కటి మగ్గం మీద చూసుకుందామనుకుంటి కదా మామా, నాదొక్కటే!"

గొంతు వీధిలోకి వినబడింది. పక్కింటి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. సునంద ఆపలేదు. ఏడుస్తూ అరిచింది, అరుస్తూ ఏడ్చింది. నలభై ఏళ్ళలో ఒక్కరి చేతా ఒక్క మాటా పడని ఆ మనిషి, అవును తల్లీ, అవును అంటూ చివరిదాకా నిలబడి విన్నాడు.