నలభై ఏడో కార్డు

కాఫీ చల్లారిపోతున్నా కార్డులాయన పెన్ను దించలేదు. బల్ల మీద ఎడమ పక్క రాసిన కార్డులు, కుడి పక్క ఖాళీవి. రన్ అనే ఒక్క ఇంగ్లీషు క్రియ మీద ఎనిమిదేళ్లుగా కూర్చున్నాడు మహానుభావుడు. మనిషి పరుగెత్తడానికి ఒక కార్డు, యంత్రం ఆడడానికి ఒకటి. ముక్కు కారడం, ఉతికితే బట్ట రంగు దిగడం, దుకాణం నడపడం, ఎన్నికల్లో నిలబడడం, అన్నింటికీ తలా ఒక కార్డు. నిఘంటువు ఆఫీసులో తోటివాళ్లు ఆ క్రియను ఆయన రెండో సంసారం అనేవారు. మొదటి సంసారానికి ఆ సంగతి తెలుసు, తెలిసి నవ్వేది కూడా. ఆఫీసు వాళ్లు కార్డులు కొనడం మానేశాక, పాత అట్టపెట్టెలు అరచేతి మేర కత్తిరించి ఇస్తున్నది ఆవిడే. ఇప్పుడూ ఎదురుగా కూర్చుని అదే పనిలో ఉంది.

ఆ ఆఫీసుకు ఒక పట్టింపు ఉంది. ఒక్కో అర్థం కింద ఇచ్చే తెలుగు ఉదాహరణ వాక్యాన్ని పుస్తకాల్లోంచి ఎత్తకూడదు, సొంతంగా అల్లకూడదు. ఎవరో ఒకరు నోటితో అన్నదై ఉండాలి. కార్డు మూలన తేదీ వెయ్యాలి, అన్నదెవరో రాయాలి. అందుకని ఆయన బస్సుల్లో, క్షౌరశాలలో, పెళ్లిళ్లలో చెవులు రిక్కించుకుని తిరిగేవాడు. ఎదుటివాడు ఏడుస్తూ చెప్పినా ముందు వాక్యమే వినిపించేది. నలభై ఆరు అర్థాలకు అలాగే వాక్యాలు దొరికాయి. నలభై ఏడోదే కొరకరాని కొయ్యగా మిగిలింది. నొప్పి ఒంట్లో ఒక చోట నుంచి ఇంకో చోటికి సాగడం అనే అర్థం అది. ఈ రోజు ఒంటి గంటకు ఆ పేజీ అచ్చుకు వెళ్లిపోతుంది. వాక్యం లేకపోతే సంపాదకుడు ఆ అర్థాన్నే కొట్టేస్తానన్నాడు.

"లేచినప్పట్నుంచీ భుజం దగ్గర మొదలై ఎడమ చేతిలోకి నొప్పి పాకుతోందండీ," అంది భార్య.

ఆయన గబుక్కున తలెత్తాడు. మొహం వెలిగిపోయింది.

"మళ్లీ ఒక్కసారి అను."

ఆవిడ కత్తెర ఆపి, అలవాటు ప్రకారం నెమ్మదిగా, ఆయన రాసుకోవడానికి వీలుగా మళ్లీ చెప్పింది. ఒక్క అక్షరం పోకుండా రాసుకున్నాడు. తన పరువు నిలబెట్టావని మెచ్చుకుని, కార్డు చొక్కా జేబులో పెట్టుకుని, సంచీ తగిలించుకుని బయటపడ్డాడు. కాఫీ అలాగే ఉండిపోయింది.

ఆఫీసులో గాలాడని గది, పొడుగాటి బల్ల. ప్రూఫులావిడ ఒక్కో కార్డూ పైకి చదువుతుంటే ఆయన పేజీతో సరిచూస్తున్నాడు. ముద్రణశాల పెద్దాయన రెండుసార్లు గుమ్మంలోంచి తొంగిచూసి గడియారం చూపించి పోయాడు. పన్నెండుంబావుకు నలభై ఆరో కార్డు అయింది. ఆయన జేబులోంచి ఆఖరి కార్డు తీసి, పండు చేతిలో పెట్టినట్టు ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ వాక్యం చదివింది. మూలన తేదీ చదివింది. దాని కింద 'భార్య' అని ఉన్నది కూడా చదివి ఆగిపోయింది.

"ఇది ఈ రోజుదా సార్?"

"పొద్దున ఏడున్నరకి."

"మరి మీరేమన్నారు?"

ఆయనకు తానన్న మాట గుర్తొచ్చింది. అది బయటికి చెప్పుకునే మాట కాదు.

ఇంటికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు, మళ్లీ అంతే. పెద్దాయన మూడోసారి వచ్చి పేజీ అడిగాడు. కార్డులాయన ప్రూఫులావిడ చేతిలోంచి కార్డు లాక్కున్నాడు.

"ఇది వెయ్యొద్దు. ఆ అర్థం కొట్టేయండి."

బస్సు ప్రతి స్టాపులోనూ తీరుబడిగా ఆగింది. ఆయన మనసులోనే దణ్ణాలు పెట్టుకున్నాడు. చిన్న నొప్పే అయి ఉంటుందనుకున్నాడు, పక్కింటికి వెళ్లి ఉంటుందనుకున్నాడు. దిగి, వీధి మలుపు తిరిగి, మెట్లెక్కాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది.

ఆవిడ అదే కుర్చీలో, గోడకు తల ఆనించి, కునుకు పట్టినట్టే ఉంది. ఆయన మోకాళ్ల మీద కూలబడి ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

"చెయ్యి ఎక్కడ నొప్పిగా ఉందే?" అని అడిగాడు. పొద్దున అడగాల్సిన మాట అది. జవాబు రాదని తెలిసీ మళ్లీ అడిగాడు.

బల్ల మీద ఆయన వదిలేసిన కాఫీ మీద మీగడ కట్టింది. పక్కన కొత్త కార్డులు పన్నెండు, అంచులు కలిపి దొంతరగా పెట్టి ఉన్నాయి. పదమూడోది సగం దాకా తెగి, కత్తెర నోట్లోనే ఉంది.