మూడు గూళ్ళ గోడకు సున్నం

జేసీబీ కొమ్ము కాశమ్మ ఇంటి అరుగు మీద పడ్డప్పుడు సుప్రజ నెత్తిన పసుపు టోపీ పెట్టుకుని పదడుగుల దూరంలో నిలబడి ఉంది. పొద్దున తొమ్మిదిన్నర. తార్నాక నుంచి వచ్చిన సిటీ బస్సు క్యాంపస్ గేటు దగ్గర పిల్లల్ని దించి, మళ్ళీ నింపుకుని పోయింది. బస్సు కిటికీల్లోంచి నలుగురు ఫోన్లెత్తి వీడియో తీశారు. అరుగు ఒక్క దెబ్బకే పోయింది. దాని మీద ఆరబోసిన మిరపకాయలు మట్టిలో కలిశాయి.

"ఇయ్యాల ఒక్క అరుగే," అన్నాడు సర్కారు ఆఫీసు నుంచి వచ్చిన మనిషి. "సోమవారం దాక టైమిస్తున్నం. అప్పటికి అరవై రెండిండ్లు ఖాళీ కావాలె."

ఆయన చేతిలో ఒక మ్యాపు ఉంది. మ్యాపులో ఒక గోడ, దాని చుట్టూ ఎర్రటి గీత. అరవై రెండు ఇళ్ళూ ఆ గీత లోపలే ఉన్నాయి.

కాశమ్మకు అరవై దాటాయి. పాతికేళ్ళు యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో గిన్నెలు తోమిన మనిషి. అరవలేదు, నెత్తి కొట్టుకోలేదు. మ్యాపు అందుకుని సుప్రజ దగ్గరికొచ్చింది.

"గీ గీత నువ్వే గీసినవట. నిజమేనా బిడ్డా?"

"అవునమ్మా."

"గీసినప్పుడు గీడ ఇండ్లున్నయని ఎరుకేనా?"

"తెలుసు."

కాశమ్మ ఇంకేం అడగలేదు. వంగి మట్టిలోంచి మిరపకాయలు ఏరుకోవడం మొదలుపెట్టింది. సుప్రజకు ఏడుపు రాలేదు, సిగ్గూ వేయలేదు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక బుగ్గ ఎట్లా ఉంటుందో, ఆమెకు లోపలంతా అట్లా ఉంది. గిల్లి చూసుకున్నా తెలిసేటట్టు లేదు.

ఆ గోడ కథ ముందు చెప్పాలి. తొంభై ఏళ్ళ కింద కాలేజీ కట్టడానికి రాళ్ళు కొట్టినవాళ్ళు, సున్నం నూరినవాళ్ళు ఇక్కడే గుడిసెలేసుకున్నారు. భవనం పూర్తయ్యాక దొరలు ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. మిగిలిన రాళ్ళతో కూలీలు తమకోసం ఒక గోడ కట్టుకున్నారు. దానిలో మూడు గూళ్ళు పెట్టారు. ఒకదాంట్లో పోచమ్మ, ఒకదాంట్లో సిలువ, ఒకదాంట్లో పీరు. కాలేజీ కట్టినవాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వాళ్ళ చేతిగుర్తు ఉన్నది ఈ గోడ మీదే.

రెండేళ్ళ కింద ఒక ఊరేగింపులో గొడవైంది. ఎవరో రాయి వేశారు. ఎవరో బస్తీలో ఉండే చాంద్‌బీ కొడుకు పంక్చర్ దుకాణం తగలబెట్టారు. ఆ రోజు నుంచి బస్తీ మూడు ముక్కలైంది. వెంటనే ప్రభుత్వానికి గోడ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. విభేదాలున్న చోట వారసత్వ కట్టడాన్ని ఎట్లా కాపాడాలో చెప్పమని ఒక సలహా సంఘం వేశారు. ఆ సంఘానికి సర్వే చేసి నివేదిక రాసింది సుప్రజ. గొడవలు రాకుండా గోడ చుట్టూ ముప్ఫై మీటర్ల మేర జనసంచారం లేకుండా చూడాలని రాసింది. ఆ జనానికి ఇళ్ళుంటాయని ఆమె రాయలేదు, వాళ్ళు అడగలేదు. ఇళ్ళు పోయాక అక్కడ ఏం రావాలో కాంట్రాక్టరు దగ్గర బొమ్మ సిద్ధంగా ఉంది: హోటళ్ళు, కార్ల పార్కింగ్, మధ్యలో లైట్లు వేసిన గోడ. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చిందంటే ఇదే మరి.

ఆ సాయంత్రం లైబ్రరీ వెనక క్యాంటీన్ దగ్గర మీటింగు పెట్టారు. పెట్టింది విద్యార్థి సంఘం పిల్ల ప్రవళిక. పాలమూరు నుంచి వచ్చి ఎమ్మే చదువుతోంది. బస్తీ మొత్తం వచ్చింది గానీ మూడు గుంపులుగా కూర్చుంది. కాశమ్మవాళ్ళు మెట్ల మీద, ముసలి మేస్త్రి సామేలు వెనక చర్చివాళ్ళు చెట్ల కింద, చాంద్‌బీవాళ్ళు సైకిల్ స్టాండు పక్కన. మధ్యలో హాస్టలు పిల్లలు.

ప్రవళిక గొంతు చించుకుంది. "అందరు ఒక్క దగ్గర కూసోండ్రి. జేసీబీకి మీ మతం అడిగే తీరిక లేదు!"

"వాళ్ళు లేస్తె మేం కూసుంటం," అన్నాడు చెట్ల కింద నుంచి ఒకడు.

"మేమెందుకు లేస్తంరా? మీ అయ్య జాగనా?" మెట్ల మీద నుంచి జవాబు.

చాంద్‌బీ లేచింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గట్టిది. "నా కొడుకు దుకాన్ కాలినప్పుడు మీలో ఎవరొచ్చినారు? ఒక్క బకెట్ నీళ్ళు తెచ్చినారా? ఇప్పుడు అందరం ఒకటని చెప్తే నేను యఖీన్ చెయ్యాల్నా?"

మెట్ల మీద నుంచి కాశమ్మ లేచింది.

"నేను రాలే," అంది కాశమ్మ. "తలుపు సందులకెళ్ళి సూసిన. మంటలు గనవడ్డయి. తలుపేసుకున్న. ఇప్పుడు నా వాకిట్లకే వచ్చిన్రు. నాకిది కావాల్సిందే. కానీ సోమవారం నీ ఇల్లు గూడ పోతది చాంద్‌బీ. అది నాకు కావద్దు."

చాంద్‌బీ కూర్చోలేదు, వెళ్ళిపోనూ లేదు.

అప్పుడు సుప్రజ వెనక నుంచి ముందుకొచ్చింది. ఆమె ఇల్లు తార్నాకలోనే, పది నిమిషాల నడక. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన టీచర్ల కుటుంబం. సామేలు కొలిచే దేవుణ్ణే కొలుస్తారు గానీ వేరే చర్చిలో, మెత్తల కుర్చీల్లో. ఈ బస్తీలో ఆమె అడుగుపెట్టింది సర్వే రోజునే.

"ఆ నివేదిక రాసింది నేనే," అంది. వార్తలు చదివినట్టు చెప్పింది. "పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాను. అరపూటలో ముగించాను. మూడు గూళ్ళ దగ్గర మూడు రకాల పూత ఉంది. అందుకే మూడు వేరు వేరు కట్టడాలని, మూడు వర్గాల మధ్య వివాదమని రాశాను."

"నీకు గీడ మాట్లాడే హక్కు లేదక్కా, ఎనక్కి పో!" ప్రవళిక అరిచింది. పిల్లలు లేచారు. ఎవరో విసిరిన పేపరు కప్పు సుప్రజ భుజానికి తగిలి టీ కారింది. ఆమె తుడుచుకోలేదు.

"ఆగుండ్రి," అన్నాడు సామేలు. డెబ్బై ఎనిమిదేళ్ళ తాపీమేస్త్రి. వేళ్ళ చివర్లు సున్నానికి తెల్లబారి ఉన్నాయి. "మూడు పూతలన్నదాంట్ల తప్పేమున్నది? లొల్లి అయినంక మేమే ఏసినం గద. మావోళ్ళు నీలం రంగు కొనుక్కొచ్చిన్రు. వాళ్ళు ఆకుపచ్చ, వీళ్ళు పసుపు. ఇది మాది, అది మీది అని. పొల్ల కండ్లకు మనం సూపిచ్చిందే గనవడ్డది. పొద్దుగాల్ల రా బిడ్డా, నీకో పని చెప్త."

తెల్లారి గోడ దగ్గర సామేలు సుప్రజ చేతికి ఒక పాత తాపీ ఇచ్చాడు. "గీకు," అన్నాడు. ఆమె గీకింది. నీలం రంగు పొరలు పొరలుగా లేచింది. కింద తెల్ల సున్నం, ఏడాదికొక పొర చొప్పున డజన్ల పొరలు. ఆకుపచ్చ కిందా అదే, పసుపు కిందా అదే. అన్నిటికంటే అడుగున, రాయిని అంటిపెట్టుకున్న మొదటి పూతలో తాపీ గీసిన చార ఒకటి కనపడింది. పోచమ్మ గూడు దగ్గర మొదలై, సిలువ గూటి కింద నుంచి సాగి, పీరు గూడు చుట్టూ తిరిగి ఆగింది.

"అతుకు ఏడున్నదో సూపియ్యి," అన్నాడు సామేలు.

సుప్రజ మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. రెండు పెద్ద చదువులు, మూడు సర్టిఫికెట్లు ఉన్న మనిషి. ఆ అరపూట సర్వేలో అతుకు కోసం వెతకాలని ఆమెకు తోచలేదు. ఇప్పుడు గంటసేపు వెతికినా దొరకలేదు.

"పచ్చి మీద పచ్చి, తడి ఆరకముందే ఎత్తిన్రు, ఒక్క పూటల. మా తాత చెప్పేటోడు. మిరుగం ముందు, వానలు వడకమునుపే, ఏటా సున్నమెయ్యాలె. సున్నం నానవెట్టేది మా ఇల్లు. సున్నం గట్టివడనీకి కరక్కాయ, బెల్లం నీళ్ళు తెచ్చేది చాంద్‌బీ ఇల్లు. గోడకు పూసేది కాశమ్మ ఇంటి ఆడోళ్ళు. మూడిండ్లల ఒక్క ఇల్లు రాకున్నా సున్నం ముట్టొద్దు. పూసినంక వారం దినాలు తడి కాపల. గోనెసంచులు తడిపి కప్పుకుంట ఇంటికొకరు కూసోవాలె. ఎండితె పగుల్తది." కొంచెం ఆగాడు. "రెండేండ్లాయె ఎవ్వరు పిల్వక."

ఇంటి వెనక తొట్టి మీది రేకు తీసి చూపించాడు. నీళ్ళ కింద సున్నం వెన్నలా మెరుస్తోంది. రెండేళ్ళుగా ఎవరూ పిలవకపోయినా ముసలాయన దాన్ని ఎండనివ్వలేదు. రోజూ చెంబెడు నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

సుప్రజ ఆ మధ్యాహ్నమే సలహా సంఘం అధ్యక్షుడు ప్రొఫెసర్ సోమయాజులు గదికి వెళ్ళింది. పొద్దున తీసిన గోడ ఫొటోలు టేబుల్ మీద పెట్టింది.

"నేను తప్పు రాశాను సర్. అది ఒకే గోడ. వివాదం గోడది కాదు. ఆ సలహా వెనక్కి తీసుకుంటాను."

సోమయాజులు మంచివాడే. కళ్ళజోడు తుడుచుకుని ఫొటోలు శ్రద్ధగా చూశాడు. "అద్భుతంగా ఉన్నాయమ్మా. పుస్తకానికి పనికొస్తాయి. కానీ నివేదిక పై దాకా వెళ్ళిపోయింది. తప్పులు మన దగ్గర ఉన్నంతసేపే తప్పులు. సంతకాలయ్యాక అవి నిర్ణయాలు."

"అరవై రెండు ఇళ్ళు సర్."

"మనం సలహాదారులం సుప్రజా. సలహా ఇస్తాం. ఆపైన మన చేతుల్లో ఏముంది?"

చదువుకున్నవాళ్ళ చేతులకు ఆ మాట ఎంత హాయిగా ఉంటుందో, హాస్టలు గదుల్లో ఈ కథ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరూ ఒకసారి ఆలోచించండి. సుప్రజ తన చేతులకేసి చూసుకుంది. గోళ్ళ కింద నీలం రంగు. అప్పుడు కూడా ఆమెకు కోపం రాలేదు. లేచి వచ్చేసింది, అంతే.

శనివారం సాయంత్రం గోడ దగ్గర మళ్ళీ వాదన. ధర్నా అని ఒకరు, కోర్టని ఒకరు. ఊరికే కూర్చుంటే గంటలో ఎత్తి వ్యానులో పడేస్తారని ఇంకొకరు.

"ఊరికెనే ఎందుకు కూసుంటం?" అంది కాశమ్మ. "సున్నమేసి కూసుందం. తడి కాపల. మా అత్త కూసున్నది, మా అవ్వ కూసున్నది. గది మా పని. పని చేసుకునేటోళ్ళను లేవమనెటోడు ఎవడు?"

అందరూ చాంద్‌బీ వైపు చూశారు. ఆమె రాకపోతే సున్నం ముట్టకూడదు. ఆమె లేచి ఇంట్లోకి పోయింది. ఇక రాదనుకున్నారు. తలుపు మళ్ళీ తెరుచుకుంది. చంకలో పాత సంచి.

"కరక్కాయలు. రెండేండ్ల నుంచి అట్లనే ఉన్నయి. పారెయ్య బుద్ధి కాలే." సంచి కాశమ్మ ముందు పెట్టింది. "బెల్లం నువ్వు తే. మాఫీ చేసిననుకోకు. ముందు పని కానీ."

ఆదివారం పొద్దంతా సున్నం వేశారు. నీలం, ఆకుపచ్చ, పసుపు మొత్తం గీకేశారు. చర్చి నుంచి తిన్నగా వచ్చినవాళ్ళు తెల్లచొక్కాలు విప్పి కొమ్మలకు తగిలించారు. తొట్టిలో చెయ్యి పెట్టకు బిడ్డా, చేతులు తింటది అని సామేలు చెప్పినా సుప్రజ వినలేదు. వట్టి చేతులతోనే ఎత్తి ఇచ్చింది. ఆమెకేం తెలియలేదు.

సోమవారం పోలీసులతో జేసీబీ వచ్చింది. గోడ పొడుగునా తడి గోనెసంచులు వేలాడుతున్నాయి. బస్తీలోకి పోయే ఏకైక దారి గోడ పక్క నుంచే. ఆ దారి నిండా బిందెలు, బకెట్లు, వాటి పక్కన ఆడవాళ్ళు. ఎవరూ నినాదాలివ్వలేదు. చెంబులతో నీళ్ళు తీసి సంచుల మీద పోస్తూనే ఉన్నారు.

"లేవుండ్రి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తడి కాపల సారూ. వారం దినాలు," అంది కాశమ్మ.

ప్రవళిక నివేదిక కాగితాలు ఎత్తి పట్టుకుంది. "పదకొండో పేజీ సూడుండ్రి సార్. ముప్ఫై మీటర్ల లోపల పెద్ద మిషన్లు నడపొద్దట. మీ జేసీబీ ఏడున్నది?"

గుంపులో నవ్వు లేచింది. ఇన్‌స్పెక్టర్ సుప్రజ వైపు తిరిగాడు. "మేడమ్, మీరు ఏ పక్క?"

"ఆ గీత గీసింది నేను," అంది సుప్రజ అందరికీ వినపడేలా. "అది తప్పు. ఇది ఒకే గోడ. దీన్ని తొంభై ఏళ్ళు కాపాడింది వీళ్ళు. వీళ్ళను తీసేస్తే గోడ పడిపోతుంది. నా నివేదికను వెనక్కి తీసుకుంటున్నాను. రాసుకోండి."

ఆ రోజు వాళ్ళు వెనక్కి పోయారు. మంగళవారం రాలేదు. బుధవారం పొద్దున మూడు వ్యాన్లతో వచ్చారు. చాంద్‌బీని ఇద్దరు ఆడపోలీసులు ఈడుస్తుంటే కాశమ్మ ఆమె నడుం పట్టుకుని వదల్లేదు. ఇద్దర్నీ కలిపే వ్యాన్‌లో పడేశారు. సామేలును కుర్చీతో సహా ఎత్తారు. సుప్రజను జుట్టు పట్టి లాగారు. ప్రభుత్వ పనికి అడ్డుపడినందుకు, వర్గాల మధ్య విద్వేషం రెచ్చగొట్టినందుకు కేసు అన్నారు. ఆ రెండో మాట విని చాంద్‌బీ వ్యాన్‌లో పగలబడి నవ్వింది.

సుప్రజ అదే వ్యాన్‌లో బల్ల మీద కూర్చుని అరచేతులు చూసుకుంది. సున్నం తిని తోలు లేచిపోయింది. ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి. కాశమ్మ ఆ చేతులు తన ఒళ్ళోకి తీసుకుని కొంగుతో అద్దింది.

"మండుతున్నదా బిడ్డా?"

సుప్రజ వేళ్ళ నుంచి మొదలై మోచేతుల దాకా, అక్కడి నుంచి గుండెల దాకా పాకింది మంట. మట్టిలో మిరపకాయలు ఏరుకున్న ముసలామె వంగిన వీపు అప్పుడు గుర్తొచ్చింది.

"మండుతోందమ్మా," అంది. వారం రోజుల తర్వాత మొదటిసారి ఏడ్చింది.

"మండనీ," అంది కాశమ్మ.

వ్యాను కదిలింది. సామేలు కిటికీ జాలీకి మొహం ఆనించి బయటికి చూశాడు. గోడ దగ్గర జేసీబీ మళ్ళీ గుర్రుమంటోంది. ఎండ ఎక్కింది. సంచుల చివర్లు తెల్లగా ఎండిపోతున్నాయి.

"ఎండనియ్యకుండ్రి!" అని అరిచాడు ముసలాయన. "అరేయ్, గోడను ఎండనియ్యకుండ్రి!"

చాంద్‌బీ అందుకుంది. కాశమ్మ అందుకుంది. ఏడుస్తూనే సుప్రజ అందుకుంది. వెనక రెండు వ్యాన్లలో ఉన్నవాళ్ళకూ ఆ మాట చేరింది. క్యాంపస్ రోడ్డు పొడుగునా అదే కేక.

మలుపు దగ్గర వ్యాను ఆగాల్సి వచ్చింది. రోడ్డు నిండా పిల్లలు. హాస్టళ్ళన్నీ ఖాళీ చేసి వస్తున్నారు. మెస్సుల్లో సాంబారు వడ్డించే బకెట్లు, బాత్‌రూమ్ మగ్గులు, నీళ్ళ క్యాన్లు, దొరికినదల్లా మోసుకొస్తున్నారు. ముందు ప్రవళిక. ఆమె వ్యాను వైపు చెయ్యి ఊపలేదు, ఆగలేదు. రెండు చేతులా రెండు నిండు బకెట్లు. నీళ్ళు తొణికి చెప్పుల మీద పడుతుంటే గోడ వైపు నడుస్తోంది.