గ్యాస్ బండతో మొదలయ్యే ప్రశ్న

బెంగాల్‌లోని ఒక రైల్వే ఊళ్లో, ఇందా అనే పేటలో, రాజ్యసభ సభ్యుడొకాయనకు ఆఫీసుంది. ఊరంతా ఆయన్ని దాదా, అంటే అన్న, అంటారు. అక్కడ టైపింగ్ నుంచి ఫోన్ల దాకా చూసుకునేది రాధారాణి, రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన ఎర్రయ్య కూతురు. కొన్నాళ్లుగా ఒక సందేహం ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు. సముద్రానికి అవతల ఒక దేశంలో సైన్యం జనాన్ని కాల్చినప్పుడు, ఆ దేశంతో తెగతెంపులు చేసుకోవాలని సభలో బల్ల గుద్దిన మనిషి దాదా. ఇప్పుడేమో తొందరపడకూడదు, స్నేహం ముఖ్యం అంటున్నాడు. తానే మారాడా, ఎవరైనా మార్చారా?

అనుమానమంతా రంగనాథ్ మీదే. ఈ ఊళ్లోనే ప్రేమ్ బజార్ పక్కనున్న ఇంజినీరింగ్ క్యాంపస్‌లో చదివిన తెలుగువాడు. ఇప్పుడు ఆ సముద్రం అవతలి దేశం నుంచి గ్యాస్ దిగుమతి చేసుకునే కంపెనీల తరఫున ఢిల్లీ నుంచి వచ్చిపోతుంటాడు. రాధారాణి కళ్లెప్పుడూ అతని సంచీ మీదే. కవరు లేదు, మిఠాయి డబ్బా అయినా లేదు. టీ ఇచ్చినా వద్దంటాడు. ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఏటిచ్చినారు బాబూ మా దాదాకి?"

రంగనాథ్ నవ్వేశాడు. "ఏమీ ఇవ్వలేదండీ. ఆయనకు చదివే తీరిక లేదు. ప్రశ్న, అంకెలు, మంత్రి ఏమంటే తిరిగి ఏమనాలో, అన్నీ ఒక్క కాగితం మీద రాసిస్తాం. ఆ దేశం పేరు మొదట ఎత్తం. ఇందాలో గ్యాస్ బండ ధర దగ్గర మొదలుపెడతాం."

ఇంతేనా! రాధారాణికి ఒళ్లు మండింది. నిజం చెప్పొద్దూ, కాస్త ముచ్చటా వేసింది. తమ్ముడు ప్రేమ్‌కుమార్ వర్క్‌షాపులో అప్రెంటిస్ చేసి ఉద్యోగం కోసం చూస్తున్నాడు. ఈ ఏడు గడిస్తే వయోపరిమితి దాటిపోతుంది. అలాంటి పిల్లలంతా దండలు పట్టుకుని దాదా దగ్గరికి ఎన్నిసార్లు వచ్చారో. ఒక్కరూ ప్రశ్న రాసుకుని రాలేదు.

ఆదివారం అక్కాతమ్ముళ్లు కాగితం ముందేసుకుని కూర్చున్నారు.

"ఉజ్జోగం మాట ముందు ఎత్తకురా. బాగుచేసేవోళ్లు లేక ఆగిపోతున్న లోకల్ రైలు కాడ మొదలెట్టు" అంది రాధారాణి.

మర్నాడు దాదా ఆ కాగితం చదివి బాగుందని తలూపాడు. ఆపైన కళ్లద్దాలు తీసి బెంగాలీలో అడిగాడు.

"దీని వెనక ఎవరున్నారు రాధా?"

"మా తమ్ముడున్నాడు దాదా" అంది ఆమె కూడా బెంగాలీలోనే.

"అదీ సంగతి. సొంత లాభం ఉన్నవాళ్ల మాట నేను సభలో ఎత్తితే ఏం బాగుంటుంది?" అని కాగితం పక్కన పెట్టేశాడు.

రాధారాణి ఆ కాగితాన్ని మళ్లీ ఆయన ముందుకు జరిపింది.

"మరి గ్యాస్ కాగితం వెనక ఎవరున్నారని ఒక్కసారీ అడగలేదేం దాదా?"

దాదా కళ్లద్దాలు పెట్టుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ ప్రశ్నకేం చెప్పాలో ఆయనకెవరూ రాసివ్వలేదు మరి.