సామల మిషన్

టీమ్ వర్క్ అనే మాట కనిపెట్టినవాడెవడో గానీ, వాడు మా బాలాజీతో కలిసి ఒక్క ప్రాజెక్టు కూడా చేసి ఉండడు.

2004లో మేం విశాఖపట్నంలో మెకానికల్ ఆఖరి ఏడాది. సామల పొట్టు తీసే చేతి మిషన్ చేద్దామని చెప్పింది నేనే. అరకు పైన కొండల్లో మా ఊరు. మా అమ్మ నూకరత్నం రోజూ పొద్దున్నే రోట్లో సామలు దంచుతుంది. దంచీ దంచీ ఆమె కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. ఆ చేతిలోంచి రోకలి దించెయ్యాలి. నాకు కావలసింది అంతే.

లీడరు బాలాజీ పనులు పంచాడు. ధనరాజుకు ఇనప ఫ్రేము, నాకు రబ్బరు రోలర్లు, సోనికి రిపోర్టు. తనకు కోఆర్డినేషన్ అట్టిపెట్టుకున్నాడు. అంటే మేం చెమటలు కక్కుతుంటే పక్కన నిలబడి ఫోన్లో మాట్లాడటం. రోలర్ల మధ్య సందు కాస్త ఎక్కువైతే సామ గింజ పొట్టుతోనే జారిపోతుంది. తక్కువైతే నూకైపోతుంది. అది కుదిరేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

చలికాలంలో ఇంటి నుంచి ఒక బస్తా సామలు తెచ్చాను. కొన్ని టెస్టుకి దాచాలనీ, ఏప్రిల్‌కి మావాళ్ళ ఇళ్ళల్లో తినే గింజలుండవనీ బాలాజీతో మొత్తుకున్నాను. "నోట్ చేసుకున్నా" అన్నాడు. ఆ తర్వాత డిపార్ట్‌మెంటుకు ఎవరొచ్చినా మిషన్ తిప్పి చూపించాడు. బస్తా ఖాళీ అయిన సంగతి మాత్రం నాకు చెప్పలేదు.

ఏప్రిల్లో మా గైడు సర్వేశ్వరరావు గారితో కలిసి జీపులో మా ఊరొచ్చాం. అమ్మ వాకిలి అలికి ఉంచింది. మిషన్ చూరు కింద బిగించాం.

"సామలేవీ?" అన్నారు సారు.

"నీలవేణి వాళ్ళ ఊరే కదా సార్. ఇక్కడ సామలకేం కొదవ?" అన్నాడు బాలాజీ నా వైపు చూస్తూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ధనరాజు ఇంట్లోకి తొంగిచూసి, "అటక మీద బుట్ట ఉందిగా" అన్నాడు.

"అది విత్తనం. ఇటుకల పండగకి ప్రతి ఇంటివాళ్ళూ విత్తనం బుట్ట దేవత ముందు పెట్టాకే మూత విప్పుతారు. అంతవరకూ ఎవరూ ముట్టుకోరు. పండగ వచ్చేవారం" అన్నాను.

సారు విసుక్కున్నారు. "చూడమ్మా, ఎల్లుండే వైవా. ఫీల్డు టెస్టు లేకపోతే ప్రాజెక్టే లేదు. నలుగురికీ ఏడాది పోతుంది."

గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఆ మాట విన్నది.

నేను బాలాజీని జీపు దగ్గరికి లాక్కుపోయాను. "పద, కిందికెళ్ళి ఎక్కడైనా కొనుక్కొద్దాం."

"ఇవాళ సంత కాదు కదా."

"ఆ సంగతి ముందు తెలీదా?"

"నా ఒక్కడి మీద అరుస్తావేంటి? టీమన్నాక అందరి బాధ్యతా ఉంటుంది."

వాణ్ణి అక్కడే నాలుగు పీకాలనిపించింది. ఇంతలో మిషన్ తిరుగుతున్న చప్పుడు వినబడింది. పరుగెత్తాను. ధనరాజు హ్యాండిల్ తిప్పుతున్నాడు. అమ్మ ఎడమచేత్తో బుట్ట వంచి సామలు పోస్తోంది.

"ఏటమ్మా ఇది! అది విత్తనమే!"

"నువ్వూరుకోయే గుంటా. నీ సదువు పోతాదంతన్నారు కదా" అంది. ఆగలేదు. బుట్ట అడుగు కనబడేదాకా పోసింది.

కింద చేటలో సామబియ్యం తెల్లగా పడింది. ఒక్క గింజా విరగలేదు. సోని ఫొటోలు తీసింది. "రోలర్లు భలే కుదిరాయమ్మా" అని సారు నన్నే మెచ్చుకున్నారు. ఆ మాటకి ఏడుపొచ్చింది. పొట్టు తీసిన గింజ మొలకెత్తదు. పండక్కి ముందే మూత విప్పిన ఇల్లని తెలిస్తే విత్తనం బదులిచ్చేవాళ్ళెవరు?

ఆ బియ్యమే అమ్మ వండి వడ్డించింది. బాలాజీ మారు అడిగి పెట్టించుకున్నాడు.

తిన్నాక మిషన్ విప్పి జీపు వెనక తాళ్ళతో కట్టారు. వైవా అయ్యాక దాన్ని ల్యాబులో పెడతారట.

"అమ్మకోసం చేశాను సార్. వైవా అయ్యాక వెనక్కివ్వండి."

"అది కాలేజీ సొత్తమ్మా. డ్రాయింగులున్నాయిగా, ఇంకోటి చేసుకోవచ్చు."

బాలాజీ వీడ్కోలుగా అమ్మకి దణ్ణం పెట్టాడు. "ఆంటీ, ఇంక మీకు దంచే బాధ లేదు."

అమ్మ చేతిలో ఖాళీ బుట్ట ఇంకా అలాగే ఉంది.

"అవును బాబూ. ఈ ఏడు మాకు దంచడానికి ఏటీ ఉండదు."

బాలాజీ మొహం వెలిగిపోయింది. "విన్నారా సార్? యూజర్ ఫీడ్‌బ్యాక్! సోనీ, రిపోర్టులో రాసెయ్."

సోని రాసుకుంది.