మా ఆయన వంచిన పైపు

మా ఆయన డేవిడ్ రాజు శంషాబాద్‌లో సగం ఇళ్లకు నీళ్ల పైపులు వేసిన మనిషి. గోడ మీద ఆయన వేసిన పైపు చూస్తే దారం పట్టి గీసినట్టు ఉంటుంది. మనసు మాత్రం వాకిట్లో ఉన్న పాత అంబాసిడర్ మీదే. పొద్దున లేచి నా ముఖం చూస్తాడో లేదో గానీ, దాని అద్దం మాత్రం తుడవకుండా చాయ్ ముట్టడు.

ఈ ఏడు ఈస్టర్ రోజు ఆ అంబాసిడర్ మమ్మల్ని చంపినంత పని చేసింది. తొండుపల్లి దగ్గర రోడ్డు దిగుడులో ఆయన బ్రేకు తొక్కితే పెడల్ కింద దాకా పోయింది, బండి ఆగలేదు. ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసుక కుప్పలోకి పోయి ఆగాం. నేను దిగి, కొత్త చీర దులుపుకొని, చర్చికి నడుచుకుంటూ పోయాను. "నీ కారుల మల్ల కూసుంటే నన్నడుగు" అని అందరూ వినేటట్టే అన్నాను.

అన్నానంటే అన్నానే. అప్పటినుంచి ఆదివారం ఆయన కారులో ఒక్కడే వస్తాడు, నేను మా అమ్మాయి షెకీనా స్కూటీ వెనక కూర్చుని పోతాను. చర్చి ముందు మమ్మల్ని చూసి జనం నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ, నా ప్రాణం నాకు తీపి.

ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. ఒకనాడు అన్నం ముందు కూర్చుని చెప్పాడు: "ముందటి చక్రాలకు డిస్కు బ్రేకులు ఏపిస్త. ఎన్క పాత డ్రమ్ములే ఉంటయ్. గప్పుడు గూడ నీకు నమ్మకం కుదరకపోతే మామిడిపల్లాయనకు అమ్మేస్త. ఒక్కన్నే తిరగనీకి నాకు కారెందుకు?"

ఆ మామిడిపల్లి ఆయన ఎప్పటినుంచో మా కారు మీద కన్నేసి ఉన్నాడు. పీడా పోతుందని నేను సంతోషించాలి గదా! మజ్జిగ ఆయన కంచంలో పోయబోయి నీళ్ల చెంబులో పోశాను.

మెకానిక్ గోవర్ధన్ మా వాకిట్లోనే పని పెట్టాడు. ముందు చక్రాలకు డిస్కులు, వాటిని పట్టి ఆపే క్యాలిపర్లు తెచ్చి బిగించాడు. బ్రేకు ఆయిల్ పోయే సన్న పైపులను మాత్రం మా ఆయన ఎవరినీ ముట్టనివ్వలేదు. "పైపు నా పని" అని రోజంతా కూర్చుని వంచాడు. నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగా వచ్చాయి. తీరా బిగించబోతే వాటి కొనలు క్యాలిపర్లకు అందలేదు. పైపు మళ్లీ వంచుదామని గోవర్ధన్ అంటే మా ఆయన ససేమిరా అన్నాడు. చివరికి ఆ పక్క క్యాలిపర్ ఈ పక్కకు, ఈ పక్కది ఆ పక్కకు మార్చి బిగిస్తే సరిగ్గా కూర్చున్నాయి. ఇద్దరూ చేతులు దులుపుకొని చాయ్ తాగారు.

ఇక మిగిలింది పైపుల్లో గాలి తీయడం. దానికి ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నిప్పల్ అనే చిన్న మర విప్పి గాలి వదలాలి, ఒకరు పైన డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ ఉండాలి. గోవర్ధన్ దగ్గర పనిచేసే పాండు ఆ రోజు వినాయకుడి లడ్డూ వేలం చూడటానికి బాలాపూర్ పోయాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

"నేను కారెక్కనని చెప్పిన గదా!"

"కారెక్కడుంది వదినె? చక్రాలు ఊడదీసి స్టాండ్ల మీద పెట్టినం. గిది ఉరుకుతదా? కుర్సీ అనుకొని కూసో" అన్నాడు గోవర్ధన్.

అదీ నిజమే. చెప్పులు విడిచి, డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

"తొక్కు వదినె... పట్టు... ఇగ ఇడువు." వెనక చక్రాలు అయ్యాయి, ముందువి అయ్యాయి. ఆయిల్ ధారగా వచ్చింది, ఒక్క బుడగ లేదు. మా ఆయన కిటికీలోంచి తల లోపలికి పెట్టి "ఎట్లుంది?" అన్నాడు ఆశగా.

బాగుందని ఒక్క మాట అంటే ఆయన కడుపు నిండేది. కానీ కాలి కింద పెడల్ బురద తొక్కినట్టు ఉంది. "మెత్తగుంది" అన్నాను. మళ్లీ తీశారు. మళ్లీ అంతే. మా ఆయన పానా కింద పడేసి అరుగు మీద కూలబడ్డాడు. "ఇగ మామిడిపల్లికి ఫోన్ చేస్త" అన్నాడు.

ఆ గొంతు వింటే నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, ఆ పాడు గాలి మీద.

"ఏమయ్యా, ఊరందరి నల్లాలల్ల గాలి తీస్తవు. మేడింట్ల పైపుకు గాలి పట్టుకుంటే యాడ ఇప్పుతవు?"

"యాడేంది? పైన. గాలి పైకే పోతది."

"మరి గోవర్ధన్ నేల మీద పండుకొని కిందెందుకు ఇప్పుతుండు?"

గోవర్ధన్ మళ్లీ చక్రం కిందికి దూరి చూశాడు. క్యాలిపర్లు తారుమారు చేసేసరికి పైన ఉండాల్సిన నిప్పల్ కిందికి వచ్చింది. ఆయిల్ కింది నుంచి పోతుంటే గాలి పైన హాయిగా కూర్చుంది. గోవర్ధన్ నెత్తి కొట్టుకున్నాడు. "సరిగ్గ పెడ్తె నీ పైపు అందదన్నా!"

గోడ మీద పైపు వెంట్రుకవాసి వంగినా ఊడబీకి మళ్లీ వేసే రకం మా ఆయన. ఇంటివాళ్లు చాలు బాబోయ్ అని మొత్తుకున్నా వినడు. అలాంటివాడు లేచి ఆ పైపులను విప్పి, మడత పడకుండా మెల్లమెల్లగా వంకరలు తిప్పి, గోవర్ధన్ తిరిగి సరిగ్గా బిగించిన క్యాలిపర్ల దాకా లాక్కొచ్చాడు. జిలేబీ అయిపోయాయి. చూస్తుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను పక్కన కూర్చోవాలని ఈ మనిషికి ఎంత ఉందో నాకు అప్పుడు తెలిసింది.

ఈసారి నిప్పల్ నుంచి బుడగలు బుసబుసమన్నాయి. అవి ఆగాక పెడల్ తొక్కితే సగంలోనే గట్టిగా నిలబడింది. "ఆగింది!" అని అరిచాను.

చక్రాలు ఎక్కించాక గోవర్ధన్ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టబోతే మా ఆయన "జర ఆగు, ప్రార్థన చేసుకోనీ" అన్నాడు. నేను మధ్యలో ఒక కన్ను తెరిచి చూస్తే గోవర్ధన్ నిమ్మకాయలు చేతుల్లో పట్టుకుని కళ్లు మూసుకొని ఉన్నాడు.

"నువ్వు దిగు. ముందు ఒక్కన్నే చూసొస్త" అన్నాడు మా ఆయన.

నేను దిగలేదు. పక్క సీటులోకి జరిగాను.

తొండుపల్లి దిగుడు సగానికి వచ్చాక బ్రేకు తొక్కాడు. కారు అటూ ఇటూ లాగకుండా, ఉన్నచోటే నిలబడింది. ఆయన స్టీరింగు వదల్లేదు, నా వైపు తిరగనూ లేదు.

"మామిడిపల్లాయనకు ఏం చెప్పాలె?" అన్నాడు.

"ఆదివారం ఇద్దరం చర్చికి పోవాలె, కారు ఖాళీ లేదని చెప్పు."

వెనక ఎయిర్‌పోర్టుకు పోయే బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి. ఆయన కదల్లేదు. నాకూ తొందరేమీ లేదు.